తాలు కాయ

కాగితం చూసి కొత్తపేట డాక్టరమ్మ నవ్వింది.
"తొమ్మిదా? గుంటూర్లో ఉంటూ?"

నిజమే, రోహిణికి రోళ్ళు పగిలే ఊరు మాది.
ఎండని కాటా వేసి అమ్ముకోగలిగితే
తలా ఒక మేడ కట్టుకునేవాళ్ళం.
నా ఎముకల దాకా వచ్చింది మాత్రం
తొమ్మిదేనట.

ఆవిడకేం తెలుసు.
ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ నాది.
నాదంటే, అందులో ఒక కుర్చీ నాది.
పదహారేళ్ళుగా లాట్ నంబర్లు రాస్తున్నాను:
తేజ, నూట ఇరవై టిక్కీలు, మూడో గది, నాలుగో అంతస్తు.
మే నెల్లో మంకీ టోపీ పెట్టుకునే ఆడమనిషిని
ఈ జిల్లాలో ఇంకొకర్ని చూపించండి.
పొద్దున ఎనిమిదికి ఆ మందపాటి తలుపు నా వెనక మూసుకుంటుంది.
మళ్ళీ తెరుచుకునేసరికి
సూర్యుడు నరసరావుపేట బస్సెక్కి వెళ్ళిపోయుంటాడు.

దారిలో దొరికే కాస్త ఎండకీ
నేనే అడ్డం పడ్డాను.
స్కూటీ మీద చేతులకి తొడుగులు, మొహానికి చున్నీ,
కళ్ళు తప్ప ఏమీ కనపడని దొంగలా తిరిగాను.
"నల్లబడతావే, లోపలికి రా!"
పదేళ్ళప్పుడు అమ్మ వేసిన కేక
నలభై నాలుగులోనూ వినపడుతూనే ఉంది.

గ్రైండర్ గిన్నె దించబోతే తుంటి పట్టేసింది.
"వయసు" అన్నాడు మా ఆయన.
"గ్యాసు" అంది ఆడపడుచు.
ఇప్పుడు వారానికొక పొట్లం, పాలల్లో కలుపుకుని,
అరవై వేల యూనిట్లట.
"ఈ కొంపలో అరవై వేలు ఒక్క గుక్కలో మింగేది నువ్వొక్కదానివే"
అని మా ఆయన
పాలగ్లాసు తనే తెచ్చిచ్చాడు.

రక్తం తీసిన కుర్రాడు ప్రభుదాసు
దూది నొక్కి పట్టుకోమంటూ చెప్పాడు:
"మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పుడు కూచోండి మేడం.
సాయంత్రపు ఎండ ఫొటోలకి బాగుంటుందంతే."

అందుకని పన్నెండింటికి గోడౌన్ వెనక్కి వెళ్ళాను.
అకాల వానకి తడిసిన టిక్కీలు విప్పి ఆరబోశారక్కడ.
నేలంతా ఎరుపు. చూస్తేనే తుమ్ములు.
మధ్యలో నాగూర్‌బీ, నడుం వంచి,
తాలు ఏరుతోంది.
తడి తగిలి, ఎండ సరిగా అందక, తెల్లబోయిన కాయ తాలు.
దానికి సగం ధర కూడా రాదు.

జాకెట్టు చేతులు పైకి మడుచుకుని
పట్టా అంచున కూచున్నాను.
ఇన్నేళ్ళూ దాచుకున్న తెలుపుని
ఆవిడ కిందనించి పైదాకా చూసింది.
"తాలు కాయవమ్మా నువ్వు."

కోపం రాలేదు.
పదహారేళ్ళలో నాకు సరైన గ్రేడు వేసింది ఆవిడే.

డాక్టరమ్మ రాసిచ్చిన మందు చెప్పాను, ఎండ అని.
కొంగుతో మెడ తుడుచుకుంది.
మెడ మీద చర్మం పాత తోలు చెప్పులా ఉంది.
"నీడ రాసిచ్చే డాక్టరుంటే చెప్పు తల్లీ,
అప్పు చేసైనా పోతా."

బేరం అక్కడే కుదిరింది.
రోజూ పన్నెండింటికి ఆవిడ నా కుర్చీలోకి,
తలుపు సందులోంచి వచ్చే చలిగాలికి.
నేను ఆవిడ పట్టా మీదకి.
తాలు నేను ఏరుతాను, తప్పులు ఆవిడ తిడుతుంది.
సూపర్‌వైజరుకి చెప్పలేదు.
ఇరవై నిమిషాల ఎండ ఏ లాట్‌లో రాయాలి?

నిన్న తిరిగి వెళ్ళేసరికి
నా రిజిస్టరు మీద తల పెట్టి నిద్రపోతోంది.
రెండువందల పన్నెండో లాట్ పక్కన
ఎర్రటి వేలిముద్ర.
తుడవలేదు.

మూడు నెలలకి మళ్ళీ పరీక్ష.
అంకె పెరుగుతుందో లేదో తెలీదు.
చేతులు మండుతున్నాయి, సగం ఎండకి, సగం కారానికి.
గడియారం తీస్తే
అదున్న చోటొక్కటే తాలు.

నా నీడ కాళ్ళ కింద
పిల్లిలా ముడుచుకుని పడుకుంది.
లేపడానికి ఇంకా ఆరు నిమిషాలుంది.